పాతది చెయ్యడానికి కట్టిన చీర

మా ఇళ్ళల్లో పుట్టిన బిడ్డకి పురుడు వెళ్ళేదాకా కొత్త బట్ట తగలనివ్వం. పాత బట్టలోనే చుట్టాలి, పాత చీరలతో కుట్టిన బొంత మీదే పడుకోబెట్టాలి. అదీ నూలు చీరే అయ్యుండాలి. మా అమ్మ కుట్టిన బొంత మీదే నా పిల్లలు పెరిగారు. చేత్తో నిమిరితే లేగదూడ చెవి పట్టుకున్నట్టుండేది. చివరికి చిరిగి చిరిగి పొయ్యి దగ్గర మసిగుడ్డ అయింది.

మా అమ్మాయిని ఏడో నెలలో తాడేపల్లి నుంచి పురిటికి తీసుకొచ్చాం. బొంత కుడదామని ఆ మర్నాడే పెట్టె తీశాను. లోపలి పొరలకి ఆయన పాత తువ్వాళ్ళున్నాయి, సరిపోతాయి. బిడ్డ ఒంటికి తగిలే పైపొరకి మెత్తటి నూలు చీర కావాలి. పెట్టెంతా తిరగేశాను. అన్నీ జారుడు చీరలే. ఎండలో వంటికి అతుక్కుంటాయి, నిప్పురవ్వ పడితే కరిగి చర్మాన్ని పట్టుకుంటాయి.

మాది పత్తి పండించే ఇల్లు. వాకిట్లో పత్తి, వసారాలో పత్తి, కూరలోకి కూడా ఎగిరొచ్చి పడుతుంది. పెట్టెలో మాత్రం నూలు చీర లేదు. ఎక్కణ్ణుంచి వస్తుంది? మన పత్తి కొనేవాడు గుప్పెట్లో పట్టి పిసికి, తేముందంటాడు, రంగు తగ్గిందంటాడు, రేటు కోస్తాడు. అదే పత్తి చీరై కొట్లో అద్దాల వెనక వేలాడుతుంటే, "ప్యూర్ కాటనమ్మా, అందుకే ఆ రేటు" అంటారు. మా చేలో ఉన్నప్పుడు ప్యూర్ కాదా అది?

ఒకప్పుడు నాకూ ఉండేవి నూలు చీరలు. పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ వచ్చి, మూటెడు చీరలు తీసుకుని ఒక పాలగిన్నె చేతిలో పెట్టి వెళ్ళింది. అప్పుడు మురిసిపోయాను. ఇప్పుడు ఆ గిన్నెలో పాలు కాచినప్పుడల్లా పాలకంటే ముందు నేను పొంగుతున్నాను.

సరేనని టౌన్లో మా టైలరు దగ్గరికి వెళ్ళాను. నా పెళ్ళయిన కొత్తల్నుంచీ మా జాకెట్లు అతనే కుడతాడు. మిగిలిన నూలు లైనింగు ముక్కలన్నీ సంచికెత్తి, "తీసుకెళ్ళక్కా, నాకు అడ్డం" అనేవాడు. నేను ఎండు మిరపకాయలు పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. నానబెట్టి నాలుగుసార్లు ఉతికితే ఆ ముక్కలైనా మెత్తబడతాయని నా ఆశ.

"రా అక్కా, టీ తాగు."

"టీ కాదు తమ్ముడూ, ముక్కలియ్యి. అమ్మాయికి బొంత కుట్టాలి."

మిషను ఆపాడు గానీ తలెత్తలేదు. "ముక్కలు ఊరికే ఇవ్వటం మానేశానక్కా. విజయవాడ నుంచి వ్యానొస్తోంది. కిలో లెక్కన ఎత్తుకుపోతున్నారు."

"ఎత్తుకుపోయి ఏం చేస్తారు, వండుకుంటారా?"

"బొంతలు కుట్టించి ఫోన్లో అమ్ముతారంట."

కిలో ఎంతని అడిగాను. చెప్పాడు. "పీలికలకా అంత? నా మిరపకాయలకి కూడా రాలేదయ్యా ఈ ఏడు!" అని అరిచాను. రోడ్డు మీద వాళ్ళు తిరిగి చూశారు.

"నా మీద అరిస్తే ఎట్టక్కా? లైనింగు తాను రేటెంతయిందో తెలుసా? జాకెట్టు కుట్టించుకునేవాళ్ళు నా కూలి దగ్గర బేరమాడతారు. ఈ పీలికలమ్మితే కరెంటు బిల్లన్నా వస్తుంది." అని ఒక గుప్పెడు ముక్కలు తీసి నా ముందు పెట్టాడు. "ఇవి ఉంచుకో. అయినా కొత్త బట్ట గదా ఇది, పురిటి బిడ్డకి పనికిరాదు గదా?"

అతను చెప్పింది నిజమే. నిజమైనందుకు ఇంకా మండింది. ముక్కలు అక్కడే వదిలేసి బస్సెక్కాను.

ఇంటికొస్తే మా అమ్మాయి ఫోను చూపించింది. "అమ్మా, ఇదుగో, అచ్చం అమ్మమ్మ బొంతలాగే ఉంది. ఆర్డరు పెట్టనా?" పాత చీరలతో చేత్తో కుట్టినదంట, అందుకే ప్రియమంట. మనమేమో పాతవి కట్టుకుంటే బీదవాళ్ళం. వాళ్ళు పాతవి కుట్టి అమ్మితే గొప్ప! "ఆ ఫోను అవతల పెట్టు. ఎవరు కట్టి విడిచారో తెలియని గుడ్డలో నా మనవల్ని పడుకోబెడతానా?" అన్నాను.

మా ఆడబిడ్డది పక్కిల్లే. మా ఆయనకి అక్క. నా అరుపులకి గోడ మీంచి తల పెట్టింది. "ఏమే, మిరప కల్లంలో తలకీ మూతికీ చుట్టుకుంటామే, ఆ చీరలు నూలువేగా? నా దగ్గర రెండున్నాయి, పట్టుకుపో."

నిజమే, ఎంతో మెత్తగా ఉన్నాయి. సబ్బుతో ఉతికాను, వేణ్ణీళ్ళలో ఉడికించాను, ఎండలో ఆరేశాను. వాసన చూస్తే ఏమీ లేదు. పైపొర పరిచి పొడుగు కుట్లేసి సగం దాకా వచ్చాను. మధ్యాహ్నం మా ఆయన అన్నం తిని దాని మీద తలపెట్టి పడుకున్నాడు. కాసేపటికి తుమ్ములు. ఆగని తుమ్ములు. కళ్ళు ఎర్రబడ్డాయి, చెంప కందిపోయింది.

"బొంత కుడుతున్నావా, మిరపకాయ బజ్జీలేస్తున్నావా?" అని నీళ్ళ తొట్టి దగ్గరికి పరిగెత్తాడు.

మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. మా ఆడబిడ్డ గోడవతల నుంచి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఉడికించినా పోని ఘాటది. పసిబిడ్డ బుగ్గ ఆనిస్తే ఏమయ్యేది? కుట్లన్నీ పటపటా తెంపేశాను. పత్తి పండిస్తే గుడ్డ లేదు, మిరప పండిస్తే ఉన్న గుడ్డ కూడా పనికిరాకుండా పోయింది. ఎవర్ని తిట్టాలో తెలియక అందర్నీ తిట్టాను.

ఆ సాయంత్రం బీరువాలో అట్టడుగు నుంచి నా వంకాయ రంగు చీర తీశాను. చీరాల నేత, అసలు నూలుది. మిరపకి మంచి ధరొచ్చిన ఏడు మా ఆయన తెచ్చాడు. ఒకటి రెండు పెళ్ళిళ్ళకి కట్టి మడిచిపెట్టాను. మనవడో మనవరాలో పుడితే, బారసాలకి అది కట్టుకుని బిడ్డని ఒళ్ళో పెట్టుకోవాలని నా కోరిక. దాన్ని కత్తిరించనా అంటే ఇంకా గంజి వదల్లేదు, పెళపెళలాడుతోంది. కొత్తది కొత్తదే.

మరి పాతది చెయ్యాలంటే? కట్టాలి.

తెల్లారి ఆ చీర కట్టుకునే పేడ ఎత్తాను. మా ఆడబిడ్డ బుగ్గన వేలేసుకుంది. "ఏమే, పెళ్ళికెళ్తూ దారిలో పేడెత్తుతున్నావా?"

"నా చీర నా ఇష్టం వదినా."

సాయంత్రం ఉతికి బండకేసి బాదటం, పొద్దున్నే మళ్ళీ అదే కట్టడం. పత్తి కట్టె పీకడానికీ అదే, వంటకీ అదే. కల్లానికి మాత్రం కట్టలేదు. బండ మీద బాదేటప్పుడు ఒక దెబ్బ పత్తి రేటు కోసినవాడికి, ఒక దెబ్బ అద్దాల కొట్టువాడికి, ఒకటి ఆ వ్యానుకి. మా ఆయన చూసీ చూసీ అన్నాడు: "కట్టుకోవే, బాగుంటావ్ అని తెస్తే ఇన్నేళ్ళూ కట్టలేదు. ఇప్పుడు పేడలో కట్టావ్."

"కట్టించారు" అని ఇంకో దెబ్బ వేశాను.

తొమ్మిదో నెల వచ్చాక మా అమ్మాయి కొంగు పట్టుకుని చెంపకి ఆనించుకుంది. "ఇంకా కాస్త గరుకుగా ఉందమ్మా."

"నాకింకా కోపం ఉందిలే. ఇంకో వారం ఉతుకుతా."

ఆ వారం గడిచాక కత్తెర పెట్టాను. రంగు వెలిసి లేత వంకాయ పూవులా అయింది. బొంత పూర్తయి ఎండలో పడ్డాక ఆడపిల్ల పుట్టింది.

బారసాల రోజు నేను జారుడు చీరే కట్టుకున్నాను. కొంగు మాటిమాటికీ భుజం మీంచి జారుతుంటే దోపుకుంటూ, బొంతతో సహా పాపని ఒళ్ళో పెట్టుకున్నాను. పేరంటానికి వచ్చిన ఒకమ్మాయి బొంత అంచు పట్టుకుని, "ఎంత మెత్తగా ఉందో! ఎక్కడ కొన్నారు పిన్నీ, చాలా పడుంటుందే" అంది.

"పడింది" అన్నాను. జారిన కొంగు మళ్ళీ దోపుకున్నాను. మా మనవరాలు మాత్రం ఆ వంకాయ రంగు మీద శుభ్రంగా తడిపేసి, అట్నే నిద్రపోయింది.