కొడవలి కింద చుక్క

అక్క పోయిందని గుంటూరు నుంచి బావగారు ఫోను చేసేసరికి నేను వంటింట్లో అమ్మకి రాగిజావ కాస్తున్నాను. పొయ్యి కట్టేసి, వసారాలో కూర్చున్న అమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఎలా చెప్పానో నాకే తెలీదు. అమ్మ నా మొహంలోకి కాసేపు చూసి, "నీకు సరిగ్గా వినపడి ఉండదే. మళ్ళా చెయ్యి. పెద్దదాన్నే మాట్లాడమను" అంది.

చూశారా? అక్క పోయిన సంగతి కూడా అమ్మకి అక్కే చెప్పాలి. నేను చెబితే చాలదు.

ఇది జరిగి నెల దాటింది. ఈ నాలుగు ముక్కలూ అక్కని తలుచుకోవడానికే రాస్తున్నాను గాని, ఆమెని దేవతని చేసి రాస్తే ముందు నవ్వేది అక్కే. అందుకని ఉన్నమాట చెబుతున్నాను. మా అక్కంటే నాకు కుళ్ళు. ఊహ తెలిసినప్పటినుంచీ కుళ్ళే. మనిషితోపాటు అదీ పోతుందనుకున్నాను. పోలేదు.

మాది పర్చూరు పక్కన పల్లె. నాన్న మా చిన్నతనంలోనే పోతే, అమ్మే మిరపచేనూ పత్తిచేనూ చూసుకుంటూ మా ఇద్దర్నీ పెంచింది. అక్క గుంటూరులో నర్సు ట్రైనింగు చేసి, అక్కడే ఒక ఆసుపత్రిలో చేరి, అక్కడే కాపురం పెట్టింది. నన్ను ఊళ్ళోనే ఇచ్చారు. అమ్మకి షుగరూ బీపీ వచ్చాక నా దగ్గరికే తెచ్చుకున్నాను. వండిపెట్టేది నేను. ఆటోలో పర్చూరు డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళేది నేను. అక్కడ జనంలో నిలబడి నంబరు రాయించేది నేను. మందుల చీటీ మాత్రం అమ్మ నా చేతికి ఇచ్చేది కాదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దిండు కింద దాచుకుని, ఆదివారం గుంటూరు బస్సులోంచి అక్క దిగేదాకా కాచుకునేది.

"నేను చదువుతాగా అమ్మా, నాకూ ఇంగ్లీషు వచ్చుగా" అనేదాన్ని.

"నీది బళ్ళో ఇంగ్లీషే. ఇవి డాక్టర్ల మాటలు" అనేది.

ఆదివారం అక్క చెప్పులు విప్పీ విప్పకముందే కవరు ఆమె ఒళ్ళో ఉండేది. అక్కకి ఒక అలవాటు. కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుని, చీటీని మోకాలి మీద పరిచి, ముడతలన్నీ అరచేత్తో సాపు చేసి, అప్పుడు మొదలుపెట్టేది.

"ఓ.డి. అని రాశాడు. రోజుకి ఒక్కసారమ్మా. ఇదేమో బి.డి., రెండుసార్లు. మన గేదె పాలిచ్చినట్టు పొద్దునా సాయంత్రం. హెచ్.ఎస్. అంటే పక్క వేసుకునేటప్పుడు. ఈ చివరిది ఎస్.ఓ.ఎస్. ఇది పిలిస్తేనే వచ్చే చుట్టం. నొప్పి ఉంటే పిలువు, లేకపోతే గడప తొక్కనివ్వకు."

అమ్మ పకపకా నవ్వేది. అదే చుట్టం మాట బుధవారం నేను చెబితే మూతి ముడుచుకుని, "ఏమోనే, పెద్దదాన్ని రానీ" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

అమ్మ ఒక్కతే కాదు, వీధిలో వాళ్ళంతా ఆదివారం చీటీలు పట్టుకుని మా వసారాకే వచ్చేవాళ్ళు. ఒకసారి పక్కింటి బాబాయి వచ్చాడు. పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర పని చేసే మనిషి. దగ్గు తగ్గట్లేదని అద్దంకిలో చూపించుకుంటే, చీటీ మీద టి.బి. అని రాశారట. ఆ రెండక్షరాలూ ఆయనకి తెలుసు. మూడు పూటలుగా అన్నం మానేశాడు. అక్క చీటీ సాపు చేసి, ఆ అక్షరాల పక్కన వేలు పెట్టింది.

"బాబాయ్, ఇటు చూడు. ఇదేందిది?"

"కొడవలి లాగుంది."

"దాని కింద?"

"చుక్క."

"కొడవలి కింద చుక్క ఉంటే డాక్టరుగారు ఇంకా అడుగుతున్నట్టు. ఆయనకే తేలలా. నువ్వప్పుడే జవాబు చెప్పేసుకుని అన్నం మానేస్తే ఎట్టా? ఎంత పెద్ద జబ్బు పేరు రాసినా, ముందు కొడవలి ఉందా లేదా చూసుకో."

తర్వాత పరీక్షలన్నీ చేసి టి.బి. కాదన్నారు. బాబాయి బుట్టెడు దోసకాయలు తెచ్చి అక్క ముందు పెట్టాడు. ఆ రోజునుంచీ మా అమ్మకి ఒక్క అక్షరం రాకపోయినా, ఏ కాగితం వచ్చినా వేలు పెట్టి ముందు కొడవలి కోసం వెతికేది. అక్క నేర్పిందిగా మరి! నేను పలక పట్టుకుని కూర్చోబెడితే మాత్రం సంతకం కూడా నేర్చుకోలేదు.

మిరపకోతల్లో ఒకసారి అమ్మ కల్లంలో కళ్ళు తిరిగి పడిపోయింది. ఒళ్ళంతా చెమట. వడదెబ్బ అన్నారందరూ. పంచదార వేసి నిమ్మనీళ్ళు పట్టిస్తే తేరుకుంది. ఆదివారం అక్క వచ్చి వడదెబ్బ మాటే ఎత్తలేదు.

"షుగరు మాత్ర ఎప్పుడు వేసుకున్నావమ్మా?"

"తెల్లారగట్ట. తిండికి ముందని చిన్నది చెప్పింది."

"అన్నం ఎప్పుడు తిన్నావు?"

"కూలోళ్ళు తినకుండా నేనెట్టా తింటానే? వాళ్ళు మొదటి సాలు కోసి కూర్చుంటేగదా నేను కూర్చునేది."

మా అమ్మ పద్ధతి అంతే. కోతకొచ్చిన వాళ్ళు టిఫిను గిన్నెలు విప్పేదాకా పచ్చి మంచినీళ్ళయినా ముట్టదు. మాత్ర వేసుకుని అంత సేపు ఖాళీ కడుపుతో ఎండలో ఉంటే షుగరు పడిపోక ఏమవుతుంది?

"ఎ.సి. అని రాస్తే తిండికి ముందేనమ్మా, చిన్నది సరిగ్గానే చెప్పింది. కాకపోతే అన్నం కంచంలో పడ్డాక వేసుకోవాలి. మాత్ర కొంగున కట్టుకో. కూలోళ్ళు గిన్నె మూతలు తీస్తే నువ్వు కొంగు ముడి విప్పు."

మర్నాటినుంచి అమ్మ అలాగే చేసింది. చేలో అందరూ మూతలు తీస్తుంటే అమ్మ ముడి విప్పేది. కూలీలకి కూడా అదో సరదా. "మామ్మ ముడి విప్పింది, తినండే" అనుకునేవాళ్ళు. 'చిన్నది సరిగ్గానే చెప్పింది' అని అక్క అన్న మాట అమ్మ చెవికి ఎక్కనేలేదు. "పెద్దది లేకపోతే నా ప్రాణం పోయేది" అని ఊరంతా చెప్పుకొచ్చింది.

ఆ కడుపుమంటతోనే నేనూ నేర్చుకున్నాను. పర్చూరు వెళ్ళినప్పుడల్లా మందుల షాపాయన్ని అడిగి ఒక్కో మాటా పట్టుకొచ్చాను. సి/ఓ అంటే రోగి చెప్పుకున్న బాధ అనీ, ఎన్.ఎ.డి. అంటే తేడా ఏమీ కనపడలేదనీ, భయపడక్కర్లేదనీ. ఒక ఆదివారం అక్క కంటే ముందు నేనే కాగితం లాక్కుని గడగడా చెప్పేశాను. "ఎఫ్.బి.ఎస్. అంటే పరగడుపున తీసిన షుగరు, పి.పి. అంటే తిన్నాక తీసింది. రెండూ తగ్గాయమ్మా."

అమ్మ అంతా విని అక్క వైపు తిరిగింది. "అంతేనా పెద్దదానా?"

"అంతే అమ్మా. అచ్చం అంతే."

"అబ్బ, ఎంత బాగా చెప్పావే తల్లీ!" అంది అమ్మ, అక్కతో.

నేను లేచి వంటింట్లోకి పోయి అంట్లగిన్నెలు దబదబా కింద పడేశాను. వెనకాలే అక్క వచ్చింది. నవ్వు ఆపుకోలేకపోతోంది. "షాపాయన్ని అడిగావంటగా? నన్నడిగితే నీ సొమ్మేం పోయిందే?"

"నిన్నడిగితే అదీ నీ ఖాతాలోకే పోతుంది" అన్నాను.

అక్క నా పక్కనే పీట వేసుకుని గిన్నెలు తోముతూ, పక్కింటి కబురు చెబుతున్నట్టు ఒక కొత్త మాట చెప్పింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఆదివారమూ అంట్ల దగ్గర ఒకటో రెండో చెప్పి పోయేది. అమ్మకి వినపడకుండా. సి.ఎ. అంటే ఏమిటో అక్కడే చెప్పింది. క్యాన్సరుకి అలా రాస్తారని. మెట్స్ అంటే అది వేరే చోటికి పాకిందని.

పోయిన ఏడు కోతలు అయిపోయే రోజుల్లో, ఆదివారం కాని రోజున అక్క వచ్చింది. చిక్కిపోయింది. అమ్మ లోపల పడుకుని ఉంది. అక్క వసారాలో ఆగకుండా నేరుగా పెరట్లోకి వచ్చింది. నేను మిరపకాయలకి తొడిమలు తీస్తున్నాను. సంచిలోంచి కాగితం తీసి నాకిచ్చింది.

"చదువు" అంది.

పుట్టి బుద్ధెరిగాక ఈ ఇంట్లో ఎవరైనా నన్ను కాగితం చదవమని అడగడం అదే మొదలు. పైన అక్క పేరుంది. సి.ఎ. అని ఉంది. మెట్స్ అని ఉంది, పక్కన కాలేయం అని. నేను కొడవలి కోసం వెతికాను. ముందు చూశాను, వెనక చూశాను, కాగితం తిప్పి చూశాను. ఎక్కడా లేదు. చేతులకి మిరపకారం, కళ్ళు తుడుచుకోవడానికి లేదు. అక్కే తన కొంగుతో తుడిచింది.

"అమ్మకి నువ్వు చెప్పు" అంది.

"నేనా? నేను చెబితే నమ్మదుగా అక్కా."

"అందుకే. నేను చెబితే నమ్మేసిద్ది. ఆ పూట నుంచే అన్నం మానేసిద్ది. అసలు చెప్పకపోతే రేపు ఊళ్ళో ఎవరో ఒకరు చెబుతారు. నువ్వు చెబితే నన్నడిగిద్ది. తర్వాత నేను చూసుకుంటాలే."

నాకెంత కోపం వచ్చిందో చెప్పలేను. చివరికి ఇందులో కూడా మంచి ముక్క ఆమెది, నాకేమో నమ్మని మాట. అయినా వెళ్ళి చెప్పాను. అమ్మ లేచి కూర్చుని, "నీ మొహం! నీకేం తెలుసు? పెద్దదానా, ఏందే ఇది?" అని అరిచింది.

అక్క అమ్మ మంచం మీద కూర్చుంది. "దానికి కొడవలి కనపడలేదమ్మా. చిన్నగా రాశారు. ఇంకా తేలలా" అంటూ నా చేతిలో కాగితం తీసుకుని మడిచి సంచిలో పెట్టేసుకుంది.

"కళ్ళు పెట్టుకుని చదువు!" అని అమ్మ నన్ను చెడామడా తిట్టింది. నేను తల వంచుకుని పడ్డాను. ఆ పూట అమ్మ లేచి అక్కకి ఇష్టమని గోంగూర పచ్చడి నూరింది. అక్క రాగలిగినన్ని ఆదివారాలు వచ్చింది. మోకాలి మీద చీటీ పరిచి చుట్టాల కబుర్లు చెప్పింది, అమ్మ నవ్వింది. నేను చెప్పిన నిజం పక్కన కూర్చుంటే, ఆమె చెప్పిన అబద్ధం అమ్మకి అన్నం తినిపించింది. దానికీ నేను కుళ్ళుకున్నాను. అక్కకి దణ్ణం పెట్టుకుంటూనే కుళ్ళుకున్నాను.

మొన్న ఆదివారం అమ్మ కవరు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. తనంతట తానుగా. తన చీటీ అనుకున్నాను. తీసి చూస్తే అక్క కాగితం. దినాలకి గుంటూరు వెళ్ళినప్పుడు ఎలా తెచ్చుకుందో తెలీదు.

"చదువు" అంది.

సి.ఎ. అన్న రెండక్షరాల మీద వేలు పెట్టి చదివాను.

"ఇందులో కొడవలి లేదా?"

"లేదమ్మా."

"అప్పుడూ లేదా?"

"అప్పుడూ లేదు."

అమ్మ కాగితం తీసుకుని తన మోకాలి మీద పరుచుకుంది. తర్వాత, "అయితే నువ్వు సరిగ్గానే చదివావు" అంది.

ఈ మాట కోసం నేను ఎన్నేళ్ళు కాచుకున్నానో అక్కకి తెలుసు. ఇప్పుడది నాకు వద్దు. ఎవరికిచ్చెయ్యాలో తెలీదు.

రోడ్డు మీద గుంటూరు బస్సు హారను వినపడింది. అమ్మ అటు తిరిగింది. బస్సు ఆగి, ఎవరో దిగి, మళ్ళీ కదిలేదాకా అటే చూస్తూ కూర్చుంది. వేలు మాత్రం కాగితం మీదే ఉంది, ఆ రెండక్షరాల పక్కన, ఏమీ రాయకుండా వదిలేసిన చోట.