జ్వరం లేని సెలవు చీటీ

పొద్దుటి నుంచి ముసురు. నాచారంలో మా ప్యాకింగ్ సెక్షన్ వాళ్ల సెలవు చీటీలు చూస్తున్నాను. అన్నింట్లోనూ ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’. మన ఉప్పల్ బడి బ్యాచ్‌కు గుర్తుందా? పెళ్లికి పోయినా, జాతరకు పోయినా మనమూ ఇదే రాసేవాళ్లం.

అప్పుడు అమ్మ ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో పనిచేసేది. ఊళ్లో నాట్లకు నాలుగు రోజులు సెలవు కావాలంటే నేను అదే రాసిచ్చాను. చదివించుకుని విన్నది.

“నాకు జెరమెక్కడిదే? నాట్లున్నయని రాయి.”

“నాట్లను ఇంగ్లీషుల ఏమంటరో నాకు తెల్వదమ్మా.”

“నేర్సుకొని రాయి. అబద్ధానికి నేను ఏలిముద్ర ఎయ్య.”

టీచర్‌ను అడిగి రాశాను. మర్నాడు అమ్మ నన్నూ ఫ్యాక్టరీకి వెంట తీసుకెళ్లింది. చీటీ చూసి సూపర్‌వైజర్ నవ్వాడు.

“జెరమని రాస్తే ఎంటనే ఇస్తుంటి గదమ్మా!”

“జెరమొచ్చిననాడు రాస్త సార్.”

ఆయన సంతకం పెట్టేదాకా అమ్మ బల్ల దగ్గర నుంచి కదల్లేదు. శనివారం మొదటి బస్సుకు ఊరికి వెళ్లింది.