పోపుకీ సిగరెట్టుకీ పెరడే

1984 అక్టోబరు 6, శనివారం, సన్నీవేల్. ఉన్నవారు: నేను, జపాన్ ఇంజినీరు నకమురా, మా ఇంటి ఓనరు మిసెస్ హిల్.

ఆఫీసు ట్రెయినింగుకి వచ్చి మేమిద్దరం ఆవిడ ఇంట్లో చెరో గది అద్దెకు తీసుకున్నాం. ఇంట్లో సిగరెట్ కాలిస్తే మర్నాడే ఖాళీ చేయాలని ఆవిడ ముందే చెప్పింది. నకమురా పెట్టెలకు పెట్టెలు కాల్చేవాడు, కాని ఎప్పుడూ పెరట్లోనే. నుసీ, పీకా వేసుకోవడానికి జేబులో మూత ఉన్న చిన్న రేకు డబ్బా పెట్టుకునేవాడు. గడ్డి మీద ఒక్క రవ్వ పడనిచ్చేవాడు కాదు.

ఆ సాయంత్రం నేను పప్పుకి పోపు పెడుతుంటే ఎండుమిరపకాయలు మాడి, పొగ అలారం గోల పెట్టింది. మిసెస్ హిల్ పరుగున వచ్చింది. హాల్లో టీవీ చూస్తున్న నకమురా లేచి, నడుం దాకా వంగి, "సారీ, వెరీ సారీ" అన్నాడు.

"అయితే ఇంట్లో స్మోక్ చేశావన్నమాట! రేపు పొద్దున్నే ఖాళీ చెయ్!"

"అతను కాదండీ, నా పోపు" అంటూ మూకుడు తెచ్చి చూపించాను. ఆవిడ వాసన చూసి ఆగకుండా తుమ్మింది.

"దీనికంటే సిగరెట్టే నయం! నకమురా ఉండొచ్చు. నీ వంట మాత్రం పెరట్లోకి!"

ఆవిడ వెళ్లాక, "నువ్వెందుకయ్యా సారీ చెప్పావు?" అని అడిగాను.

"ఆవిడకి ఇబ్బంది కలిగింది కదా. ముందు సారీ చెప్పాలి. ఎవరి వల్లో తర్వాత చూసుకోవచ్చు."

మర్నాడు ఉదయం ఇద్దరం పెరట్లోనే ఉన్నాం, అతను సిగరెట్‌తో, నేను కరెంటు పొయ్యితో. మిరపకాయలు మళ్లీ మాడాయి. వాటిని గడ్డిలో పారబోయబోతుంటే నకమురా కంగారుగా తన రేకు డబ్బా మూత తీసి నా ముందు పట్టాడు.