గాయాలు లేవని ముందే రాసిన పట్టీ

మొన్న చిత్తూరులో మా మనవరాలి స్కూలు రగ్బీ పోటీ చూడ్డానికి వెళ్లాను. ఆట ఇంకా మొదలే కాలేదు, వ్యాయామం మాస్టరు బల్ల మీద గాయాల పట్టీ కనిపించింది. పన్నెండుమంది ఆడపిల్లల పేర్లు, ప్రతి పేరుకూ ఎదురుగా 'లేవు', కింద సంతకం. మా పిల్ల పేరు దగ్గరైనా కొట్టేయమంటే, పట్టీ పాడవుతుంది సార్ అని నవ్వాడు.

నేనూ వ్యాయామం మాస్టరునే. రిటైరయ్యే ముందు ఈ ఆట మా బడికి కొత్తగా వచ్చింది. అంతవరకూ కబడ్డీ తప్ప ఎరగని నేను, మనిషిని పట్టి పడేసేటప్పుడు తల ఎటు పెట్టాలో ముందు నేర్చుకుని, ఆ తర్వాతే పిల్లలకు బంతి ఇచ్చాను. ఎవరికి ఎక్కడ తగిలిందో నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ని. అందుకు స్టాఫురూములో నాకు కాంపౌండరని పేరు పెట్టారు. పెట్టిందెవరో నేనింకా మరిచిపోలేదు.

ఆ ఏడాది పోటీల ఫైనల్లో, మా జట్టుకు ప్రాణమైన బంగారుపాళ్యం అమ్మాయి తలకు ఎదుటి పిల్ల మోకాలు తగిలింది. లేచి, బాగుండాను సార్ అంది. ఈరోజు ఎవరితో ఆడుతున్నావమ్మా అని అడిగితే, అంతకుముందు వారం మేం ఓడించిన జట్టు పేరు చెప్పింది. బయట కూర్చోబెట్టాను. హెడ్మాస్టరు గీత దాకా వచ్చి అందరూ వినేటట్టు అన్నాడు:

“కప్పు సేతికొచ్చే టయానికి ఇదేం సోద్యమప్పా? మొగాన నీళ్లు సల్లి దించు.”

“దించను సార్. ఆ పిల్లకు ఈడ ఎవురితో ఆడతా ఉండాదో కూడా తెలీడంలే.”

మామిడి కోతలు మానుకుని ఆట చూడవచ్చిన ఆమె నాయన కూడా, కూతురి పేరు చెడగొట్టానని నన్నే తిట్టాడు. ఓడిపోయాం.

తిరుగు బస్సులో ఆ పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. బస్సును నేరుగా ఆసుపత్రికి తిప్పించాను. మళ్లీ తగిలివుంటే దక్కేది కాదన్నాడు డాక్టరు. వెనకే ఆసుపత్రికి వచ్చిన వాళ్ల నాయన నా చేయి రెండు చేతులా పట్టుకున్నాడు. హెడ్మాస్టరు మాత్రం మరునాడు గాయాలు లేవని రిపోర్టు రాసి నా సంతకం అడిగాడు. పెట్టలేదు. వార్షికోత్సవంలో పిల్లలకు అన్నం వండిన ఆమెతో సహా అందరికీ శాలువాలు కప్పారు, నన్ను వేదిక మీదికి పిలవలేదు. ఎవరి తర్వాత ఎవరికి కప్పారో ఇవాళ్టికీ వరుసగా చెప్పగలను.

మొన్న మా మనవరాలూ ఒకసారి గట్టిగా పడింది, తనంతట తనే లేచి పరుగెత్తింది. ఆ రోజుల్లో నా దగ్గర ఒక ఈల, ఒక తడి తువ్వాలు ఉండేవి. ఇప్పుడు మెత్తటి టోపీలు, పళ్లకు రబ్బరు తొడుగులు, ఐసుపెట్టె, అచ్చు వేసిన పట్టీ అన్నీ వచ్చాయి. పడి లేచిన పిల్ల కళ్లలోకి చూసి, ఈరోజు ఎవరితో ఆడుతున్నావమ్మా అని అడిగే మనిషి మాత్రం ఆ మైదానంలో నాకు కనిపించలేదు.