చేపలక్క ఎరలు

చేపలక్క కన్నెర్రజేస్తే పిచ్చి పట్టిన నక్క కూడా తోక ముడిచి, క్షమించమని దండం పెట్టి మరీ అడవిలోకి పోతుంది. నమ్మకపోతే మానండి, వీధి వీధంతా నమ్ముతుంది. ఆవిడ అడవిలో అడుగుపెడితే నక్కలు పిల్లాపాపలతో బారులు తీరి, "పిన్నీ, నా వంతు!" అంటాయట.

ఆవిడ పని పశువైద్యశాఖలో. చేపపొడి ముద్దల్లో రేబిస్ టీకా పొట్లాలు పెట్టి అడవి అంచున వేసి రావాలి. నక్క కొరికితే పొట్లం చిట్లి మందు దాని నోట్లో పడుతుంది. నక్కకు జబ్బు రాకపోతే ఊళ్లో కుక్కలకూ మనుషులకూ భయం తగ్గుతుంది. ఎన్ని సబ్బులు అరగదీసినా చేపకంపు మాత్రం ఆవిడను వదల్లేదు. బస్సెక్కితే పక్కసీటు ఎప్పుడూ ఖాళీయే. మహారాణులకైనా ఉందా ఆ భోగం! మరిదికి వాసన పడదు కాబట్టి చెల్లెలింట్లోనూ గేటు దగ్గరే మాటలు. వాళ్ల కుక్కకు ఏటేటా టీకా వేయించే వంకతోనే అక్కడికి వెళ్లేది.

ఒక మధ్యాహ్నం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, నక్కొకటి తూలుకుంటూ పెరట్లోకొచ్చి మన కుక్కను కరిచి పోయింది! మీ మరిదిగారు కుక్కను చంపేస్తానని కర్ర తీశారు!"

ఈసారి ఆవిడ గేటు దగ్గర ఆగలేదు.

"అడ్డు రాకండి వదినా, దీన్ని ఉంచితే ఇంటిల్లిపాదికీ అంటిస్తుంది!"

"కర్ర కింద పెట్టండి మరిదిగారూ. దాని టీకా గడువు దాటలేదు, ఒళ్లో పట్టుకుని వేయించింది నేనే. ఏమే, ఎవరైనా ఒట్టిచేతుల్తో ముట్టుకున్నారా?"

"లేదక్కా, దగ్గరకే పోలేదు."

గ్లవుజులు తొడుక్కుని సబ్బునీళ్లతో గాయాన్ని చాలాసేపు కడిగింది. పశువుల డాక్టరు వచ్చి మరో టీకా వేసి, నెలన్నర విడిగా ఉంచి కనిపెట్టుకోమన్నాడు.

"ఎక్కడుంచుతాం?" అన్నాడు మరిది.

"మా ఇంట్లో," అంది ఆవిడ గబగబా, ఎవరైనా కాదంటారేమోనని.

వెనక వరండాకు వల కొట్టించి, సాయంత్రాలు ఇవతల కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆ కుక్కకు చేపకంపంటే ప్రాణం. ఆవిడ రాగానే తోకతో వరండా అంతా ఊడ్చేసేది. "ఎర తినని నక్క ఒకటి మిగిలిపోయిందే," అని దానితో చెప్పుకునేది. ఆ ఇంట్లో ఆవిడ మాట వినేవాళ్లుండటం కొత్త. జబ్బు బయటపడుతుందేమోనని దాని నడకా మింగుడూ రోజూ చూసేది. నెలన్నర గడువు అయిపోతుందన్న దిగులు మాత్రం పైకి అనలేదు.

గడువు అయింది. కుక్క నిక్షేపంగా ఉంది. మరిది గొలుసుతో వచ్చి తీసుకుపోయాడు. "ఒకసారి భోజనానికి రండి వదినా," అన్నాడు గుమ్మం బయటే నిలబడి. ఎప్పుడో చెప్పలేదు.

టీకొట్టతను ఊరుకుంటాడా? "కళ్లలోకి చూసి కుక్కకు జబ్బు దింపేశావటగా అక్కా! నక్కలు కూడా నీ మాట జవదాటవంట!"

"టీకా ఉంది కాబట్టి బతికింది," అంది చేపలక్క. "నక్క మొహం నేనింతవరకూ చూడనేలేదు. ఎర వేసి వచ్చేస్తాను. మర్నాడు వెళ్తే ఉండదు, అంతే."