ఆంటీ బండిలో అమ్మ చీర

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా ఫోన్ మోగింది. మా ఆంటీ పోయారని వాళ్లమ్మాయి చెప్పింది. నిద్రలోనే పోయారట. "మంచం పక్కన కిటికీ కొంచెం తెరిచే ఉందక్కా," అందా అమ్మాయి. ఏడుస్తూనే ఉన్నాను గానీ ఆ మాటకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్పాలంటే ఆంటీ మోటర్‌హోమ్ గురించి చెప్పాలి.

ఆంటీ నాకు చుట్టం కాదు. పామర్‌స్టన్ నార్త్ ఆసుపత్రిలో నేను ఈ దేశం వచ్చి కొత్త నర్సుగా చేరినప్పుడు మా వార్డుకు పెద్ద. నరసాపురం మనిషి. రిటైరయ్యాక అందరూ తోటపని మొదలుపెడితే ఈవిడ మంచాలూ పొయ్యీ అన్నీ ఉండే పాత మోటర్‌హోమ్ ఒకటి కొన్నారు. పోనీ ఎండాకాలంలో తిరుగుతారా అంటే అదీ లేదు. "వేసవిలో ఎవరైనా తిరుగుతారే. చలిలో వెచ్చగా ఉండటం తెలిస్తే దేశమంతా మనదే," అనేవారు. పొద్దు వాలకముందే కిటికీలకు మందపాటి తెరలు బిగించేవారు, డీజిల్ హీటర్ వేసేవారు, పక్కల్లో వేడినీళ్ల సంచులు పెట్టేవారు. ఇంతా చేసి చివర్న ఒక కిటికీ రెండు వేళ్ల మేర తెరిచేవారు. ఆ చివరి పని నాకు చాలాకాలం పిచ్చిగా తోచేది.

కిందటేడు జూలైలో తెనాలి నుంచి మా అమ్మ వచ్చింది. ఇక్కడ జూలై అంటే నడి చలికాలం. అమ్మకు ఒకటే కోరిక, మంచుకొండను కళ్లారా చూడాలని. ఒకటే భయం, చలి. "చలి సంగతి నాకొదిలేయండి వదినగారూ," అని ఆంటీ మమ్మల్నిద్దరినీ బండెక్కించి రువాపెహు కొండ దగ్గరికి తీసుకెళ్లారు. రెండు రోజులైనా మబ్బు విడవలేదు. అక్కడ కొండ ఉందని మేం చెబితే అమ్మ నమ్మాల్సిందే. మర్నాడు మా తిరుగు ప్రయాణం, ఆ వారంలోనే అమ్మ విమానం.

రెండో రోజు సాయంత్రం ఆంటీ నీళ్లు పట్టడానికి దిగారు. నేను చెవుల్లో పాటలు పెట్టుకుని కునుకు తీస్తున్నాను. తలుపు పక్కన, కింద, జల్లెడలాంటి రంధ్రాల్లోంచి చలిగాలి వస్తోందని అమ్మ కనిపెట్టింది. సందు కనిపిస్తే గుడ్డ కుక్కడం మనవాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య. తన పాత ఆకుపచ్చ నేతచీర మడిచి అందులో కుక్కింది. ఆంటీ తెరిచిన కిటికీ మూసింది. అదీ చాలక గ్యాస్ పొయ్యి వెలిగించి, కుంపటి ముందు కూర్చున్నట్టు కూర్చుంది. కాసేపటికి, విషవాయువు చేరితే మోగే అలారం గోడమీంచి కీచుమని అందుకుంది.

ఆంటీ పరుగెత్తుకొచ్చి పొయ్యి కట్టేసి, తలుపు బార్లా తెరిచి, మమ్మల్ని రగ్గులతో సహా బయటికి లాగారు. అమ్మ ముఖం చిన్నబోయింది.

"హీటర్ ఆన్‌లోనే ఉంది కదండీ, మళ్లీ పొయ్యెందుకు?" అన్నారు ఆంటీ.

"కాళ్లు జివ్వుమంటుంటేనూ. చిన్న సందే కదా అని మూశాను వదినగారూ."

"చలేస్తే లేచి కూర్చుంటామండీ. గాలి లేకపోతే ఇక లేవం."

అంతే. తర్వాత ఆవిడ ఎవరి దగ్గరా ఆ సంగతి ఎత్తలేదు.

బండికి గాలాడేదాకా మేం బయటే నిలబడాల్సి వచ్చింది. అప్పుడు విడిపోయింది మబ్బు. ఎదురుగా కొండ, మొదలంటా తెల్లగా, కొన మీద మాత్రం పొద్దు ఎర్రగా. అమ్మ చలి మరిచి రగ్గు జారవిడిచింది. "లోపల వెచ్చగా కూర్చుంటే ఇది చూసేవాళ్లమా చెప్పండి. మంచి పనే చేశారు," అని ఆంటీ అమ్మ భుజం తట్టారు.

ఆ చీర అంచు నుంచి ఒక పేలిక చింపి ఆంటీ ఆ రంధ్రాల ముందు వేలాడదీశారు. అది కదిలితే గాలి వస్తున్నట్టు. ఆ తర్వాత బండెక్కిన ప్రతివాళ్లకూ పడుకునేముందు దాన్ని చూసే డ్యూటీ పడింది.

ఆంటీ లేకపోతే ఆ సాయంత్రం తర్వాత అమ్మా నేనూ ఉండేవాళ్లం కాదేమో. ఆ మాట ఆవిడతో ఒక్కసారీ అనలేదు. అంటే "సరేలే, టీ పెట్టు" అనేవారు. అయినా అనాల్సింది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆంటీ ఇంటి దగ్గర్నుంచే అమ్మకు వీడియో కాల్ చేశాను. చాలాసేపు ఏడ్చి, "ఆ పేలిక ఇంకా ఉందా?" అని అడిగింది. ఇంటి ముందు ఆగి ఉన్న బండిలోకెక్కి, తలుపు వేసి, మోకాళ్ల మీద కూర్చుని ఫోన్ అటు తిప్పాను. వెలిసిపోయిన ఆకుపచ్చ ముక్క అలాగే వేలాడుతోంది, కదలడం లేదు. ఇద్దరం దాన్నే చూస్తున్నాం. బయట గాలి లేచింది. పేలిక మెల్లగా పైకి లేచి, దిగి, మళ్లీ లేచింది.