క్వారీ గుంత మీద రెండో ప్రపోజల్

జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్లే బస్సులో సీటు దొరికితే షాజాది ఫోన్ తీసి పరిశోధన గ్రాంటుల ప్రకటనలు చదువుకునేది. చాలావాటిలో అర్హతల దగ్గరే ఆగిపోవాల్సి వచ్చేది. యూనివర్సిటీలో రెగ్యులర్ ఉద్యోగం ఉన్నవాళ్లే దరఖాస్తు చేసుకోవాలి. షాజాది కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసింది కానీ ఉద్యోగం మాత్రం నందిగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్ట్ లెక్చరర్. డాక్టరేట్ చేతికొచ్చిన ఏడాదే తల్లికి పక్షవాతం వచ్చింది. ఆమెను చూసుకుంటూ ఇంట్లోనే ఉండిపోయింది. తల్లి పోయాక తిరిగి చూసుకుంటే తోటివాళ్లంతా ఎక్కడెక్కడో స్థిరపడ్డారు. తనకి లాబ్ లేదు.

ఒకరోజు బస్సు చిల్లకల్లు దాటాక ఒక ప్రకటన కంటపడింది. ఇంటి బాధ్యతల వల్ల పరిశోధన ఆపేసిన ఆడవాళ్ల కోసం కేంద్రం ఇచ్చే గ్రాంటు. ఉద్యోగం ఉండక్కర్లేదు. ఏదైనా యూనివర్సిటీ చోటిస్తామని ఒప్పుకోవాలి, ఒక ప్రొఫెసర్ బాధ్యత తీసుకోవాలి. బస్సు దిగగానే తన పాత గైడ్ భారతీదేవికి ఫోన్ చేసింది.

"చోటిస్తా, సంతకమూ పెడతా. దేని మీద చేస్తావో మాత్రం నువ్వే తేల్చుకో" అందావిడ.

జగ్గయ్యపేట చుట్టుపక్కల సున్నపురాయి తవ్వి వదిలేసిన గుంతలు చాలా ఉన్నాయి. వానాకాలం నిండితే వాటిలో నీళ్లు ఎండాకాలం దాకా ఉంటాయి. ముక్త్యాల దారిలో ఒక ఊరివాళ్లు అలాంటి గుంతలోనే గేదెల్ని కడుగుతారు, బట్టలు ఉతుకుతారు. ఆ నీళ్లు విషమని అందరూ అనే మాటే. షాజాదీ అదే అనుకుంది. నాలుగు పేపర్లు చదివి, క్వారీ గుంతల కాలుష్యం మీద ప్రపోజల్ రాసింది. యూనివర్సిటీ రిసెర్చ్ సెక్షన్ సూపరింటెండెంట్ హరిచరణ్ దాన్ని ఒకసారి విభాగాధిపతి సంతకం లేదనీ, ఇంకోసారి బడ్జెట్ పద్దులు కలవలేదనీ వెనక్కి పంపాడు. చివరికి గడువు ముగిసే రోజున ప్రపోజల్ పైకి వెళ్లింది.

కొన్ని నెలలకి జవాబొచ్చింది. తిరస్కరించారు. కారణం కింద రెండు వాక్యాలే రాశారు: నీళ్లు కలుషితమయ్యాయనడానికి ఆధారం చూపలేదు. దరఖాస్తుదారు ఒక్క శాంపిల్ కూడా తీసినట్టు లేదు.

స్టాఫ్ రూములో అది చదివినప్పుడు ఆమెకి మొహం మీద కొట్టినట్టయింది. ఆ పూట క్లాసులో పాఠం కూడా సరిగ్గా చెప్పలేకపోయింది. ఇంటికొచ్చాక తండ్రి నాగూర్ బాషా అడిగితే చెప్పింది.

"వాళ్లన్నదాంట్లో తప్పేం లేదు నాన్నా. గుంత చూడకుండానే గుంత మీద రాసా."

నాగూర్ బాషా ఊళ్లో నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. ఆయన అన్నం కలుపుకుంటూ, "అయితే ఆదివారం చూసొద్దాం" అన్నాడు.

ఆదివారం తండ్రి బండి మీద వెళ్లింది. గుంతకి దగ్గర్లో రత్నమణి అనే పత్తి కూలి ఇల్లు ఉంది. ఆమె జారుడుగా ఉన్న దారిలో ముందు నడిచి, ఎక్కడ కాలు పెట్టాలో చూపించింది. షాజాది సీసాల్లో నీళ్లు పట్టి, వాటి మీద పేర్లు రాసుకుంది. పైకొచ్చాక రత్నమణి మంచినీళ్లు ఇచ్చింది. పక్కనే ఆమె మనవరాలు నవ్వుతూ నిలబడింది. ఆ పిల్ల పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి.

"సరిగ్గా తోముకోవట్లేదని దీన్ని రోజూ తిడుతూనే ఉంటానమ్మా" అంది రత్నమణి.

షాజాది చేతిలో గ్లాసు అలాగే ఆగింది. "ఈ నీళ్లు ఎక్కడివండి?"

"ఊరి బోరువే. గుంత నీళ్లు తాగొద్దన్నారుగా."

ఆమె ఇంకో సీసా తీసి బోరు నీళ్లు పట్టింది.

కాలేజీకి సెలవు పెట్టిన రోజుల్లో భారతీదేవి లాబ్‌లో కూర్చుని పరీక్షలు చేసింది. గుంత నీళ్లలో క్రిములున్నాయి, కాచి వడపోయనిదే తాగడానికి లేదు. కానీ ఫ్లోరైడ్ చాలా తక్కువ. బోరు నీళ్లలో మాత్రం ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ. ఆ పిల్ల పళ్ల మీద చారలు దానివల్లే. నమ్మలేక మళ్లీ శాంపిల్స్ తెచ్చి చూసింది. ఫలితం మారలేదు.

"నీ టైటిలే తలకిందులైంది" అంది భారతీదేవి. "కమిటీలో పాతవాళ్లు ఉంటారు. పోయినసారి విషమన్నావు, ఇప్పుడు అమృతమంటావా అని అడుగుతారు."

"అమృతమని రాయను మేడం. శుభ్రం చేస్తే పనికొస్తాయా, వానకీ ఎండకీ ఎలా మారతాయి, అది తేల్చాలని రాస్తా."

ఈలోగా కబురు నవీన్‌బాబు దాకా వెళ్లింది. నాగూర్ బాషా నడిపే ట్యాంకరు ఆయనదే. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని మర్యాదగానే మాట్లాడాడు.

"ఈ గ్రాంటుల చుట్టూ ఎన్నాళ్లు తిరుగుతావమ్మా? నీళ్ల పరీక్షకి నీకు కావాల్సిన మెషీన్ నేను కొనిస్తా. నందిగామలోనే గది చూద్దాం. రిపోర్టు మాత్రం ముందు నాకివ్వాలి, నేను చెప్పేదాకా బయటికి పోకూడదు. ఆ గుంత లీజుకి తీసుకుని, నీళ్లు శుభ్రం చేసి అమ్ముదామనుకుంటున్నా."

సొంత మెషీన్ అనేసరికి షాజాది మనసు ఒక్క క్షణం అటు లాగింది. అబద్ధమెందుకు, ఆమెకి అది ఏళ్ల నాటి కోరిక. అయినా అడిగింది. "బోరు నీళ్ల సంగతి ఊళ్లోవాళ్లకి చెప్పొచ్చాండి?"

"అదీ ఆగాలమ్మా. ముందే తెలిస్తే లీజుకి పోటీ వస్తుంది."

"పిల్లలు ఆ నీళ్లే తాగుతున్నారండి. చెప్పకుండా ఉండలేను. నాకొద్దు."

"తొందరేం లేదు, ఆలోచించుకో. మీ నాన్న కూడా మన దగ్గరే కదా" అని లేచాడాయన.

ఆయన వెళ్లాక షాజాది తండ్రి వైపు చూడలేకపోయింది. నాగూర్ బాషాయే మాట కలిపాడు. "డ్రైవింగ్ లైసెన్సు నాకు ఆయనిచ్చింది కాదులే. నీ పని నువ్వు చూసుకో."

మర్నాడే ఆమె ఆ ఊరికెళ్లి రత్నమణికీ, పంచాయతీవాళ్లకీ ఫలితాలు చెప్పింది. బోరు నీళ్లు వంటకీ తాగడానికీ వాడొద్దంది. పంచాయతీవాళ్లు మండలంలో నీటి పథకాల అధికారులకి అర్జీ పెట్టారు. కొన్ని రోజులకి నవీన్‌బాబు ట్యాంకరు తాళాలు ఇంకో డ్రైవరు చేతికి మారాయి. నాగూర్ బాషా కొంతకాలం ఖాళీగా ఉండి, తర్వాత వత్సవాయి వైపు తిరిగే స్కూలు బస్సులో కుదిరాడు. తండ్రికి ఈ వయసులో ఆ తిప్పలు తన వల్లే అన్న బాధ ఆమెని వదల్లేదు. ప్రపోజల్ మాత్రం ఆపలేదు.

రెండో ప్రపోజల్ మొదటి పేరాలోనే ఉన్నదున్నట్టు రాసింది. పోయినసారి పరీక్ష చేయకుండానే గుంత నీళ్లు కలుషితమన్నాననీ, శాంపిల్స్ తీశాక సమస్య బోరులో కనిపించిందనీ. ఆ వాక్యాలు తీసేయమంది భారతీదేవి. "నీ తప్పు నువ్వే చూపించుకోవడం దేనికి?"

"వాళ్ల దగ్గర పాతది ఉండనే ఉంది మేడం. ఎందుకు మారిందో నేనే చెబితే మంచిది."

ఈసారి సంతకాలన్నీ ముందే చేయించి, పద్దులు రెండుసార్లు సరిచూసి ఇచ్చింది. హరిచరణ్ కాగితాలు అటూ ఇటూ తిప్పి, "తిప్పి పంపడానికి నాకేం మిగల్చలేదమ్మా" అని ఆ పూటే పైకి పంపేశాడు.

ఇంటర్వ్యూ హైదరాబాదులో. కమిటీలో ఒక పెద్దాయన, "రేపు ఆ ఊరికి కృష్ణా నీళ్లు పైపుల్లో వస్తాయి. అప్పుడు మీ పరిశోధనతో పనేముంది?" అన్నాడు.

షాజాది చెప్పింది. "రావాలనే నేనూ కోరుకుంటున్నానండి. వచ్చేదాకా వాళ్లు ఏవో ఒక నీళ్లు తాగాలి. ఏవి తాగాలో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. పోయినేడాది నన్నడిగితే తప్పు చెప్పేదాన్ని."

ఆయన ఏదో రాసుకున్నాడు.

గ్రాంటు మంజూరైంది, కోతలతో. మూడేళ్లు అడిగితే రెండేళ్లిచ్చారు. మెషీన్ పద్దు కొట్టేసి, యూనివర్సిటీలో ఉన్నదే వాడుకోమన్నారు. షాజాది కాలేజీ మానేసి యూనివర్సిటీలో చేరింది. మొదటి విడత డబ్బు ఇంకా బ్యాంకులో పడకముందే ముక్త్యాల వైపు ఆకాశం నల్లబడింది. తొలకరికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి శాంపిల్ తీయకపోతే ఆ ఏడాది పోయినట్టే. భారతీదేవి దగ్గర ఖాళీ సీసాలు అడిగి తెచ్చుకుని, ఉడకబెట్టి ఆరబెట్టింది. తెల్లారి మొదటి ఆటోలో సీసాల పెట్టె ఒళ్లో పెట్టుకుని గుంత వైపు బయల్దేరింది.